చూరు నీళ్ళు

వాన మొదలైతే మా హిర్జెనౌ ఊళ్ళో ముందుగా ఆగిపోయేది ఏటి ఒడ్డున బట్టలుతికే చోటు. బండ మీది బట్ట బండ మీదే వదిలేసి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు లేచి, రొమ్ముల మీద చేతులు అడ్డం పెట్టుకుని చర్చి వైపు నడుస్తారు. నీటిమర యజమానురాలు బ్రిడా వెన్న చిలకడం ఆపి లేస్తుంది. వడ్రంగి భార్య ఓటిలి పొయ్యి మీది జావ దించకుండానే వెళ్ళిపోతుంది. మాడకముందు మొగుడు దించుకుంటే సరే, లేకపోతే మాడిందే తింటాడు. మంత్రసాని కుంగోల్ట్‌ను కాన్పు పని తప్ప ఇంకేదీ ఆపలేదు. చర్చి గోడ చుట్టూ, చూరు నీళ్ళు పడి పడి నేల గుంటలు కట్టిన గీత వెంట, ఎవరి చోటు వాళ్ళకుంది. గోడవైపు తిరిగి, రవిక ముడి విప్పి, కాస్త ముందుకు వంగి, వచ్చిన పాలు మట్టిలోకి వదిలి, ముడి వేసుకుని మళ్ళీ పనిలో పడతారు. ఆ కాసేపూ మగవాళ్ళెవరూ అటు పోరు. ఏ చోటు ఎవరిదో కూడా మగవాళ్ళకు తెలియదు.

అక్కడ ఉన్నది చూరు పిల్లలు. బాప్తిస్మం అందకుండా పోయిన పసికందును చర్చి దొడ్డిలో పాతనిచ్చేవారు కాదు. అలాంటివాళ్ళు మోక్షానికీ నరకానికీ కాకుండా మధ్యలో ఎక్కడో మసక చీకట్లో ఉండిపోతారని పాత ఫాదరీలు చెప్పేవారు. తల్లి ప్రాణం ఒప్పుకుంటుందా? తెచ్చి చూరు కింద పెట్టేది. చర్చి కప్పు మీంచి జారిన నీళ్ళు నెత్తిన పడితే అదే బాప్తిస్మం. ఆ నీళ్ళు తగలగానే పిల్లలకు ఆకలేస్తుంది, తల్లులకు పాలొస్తాయి. చూరు పిల్లల తల్లులకు పురిటిపాలు రావు, వానపాలే. బిడ్డ పోయి ఎన్నేళ్ళయినా అంతే. కుంగోల్ట్‌కు అరవై దాటాయి, నోట్లో సగం పళ్ళు లేవు, చూరు కింద ఇద్దరున్నారు. "ముసలి ఆవు పాలివ్వదని సంతలో బేరం తగ్గిస్తారు కదా. వానొచ్చినప్పుడు నన్ను తోలుకెళ్ళండి సంతకి" అనేది.

తర్వాత పట్నం పెద్దలు పోపును కాదని మతం మార్చారు. పట్నంతో పాటు మా ఊరూ మారిపోయింది, మమ్మల్ని అడిగినవాడు లేడు. ఒక వారంలో పూజ ఆగిపోయింది. సాధువుల బొమ్మలను చర్చి ముందు పోగేసి తగలబెట్టారు. చలికాలం కదా, కొందరు ఆ మంట దగ్గర చేతులు కాచుకున్నారు కూడా. గోడల మీది రంగుల బొమ్మలకు సున్నం కొట్టారు. కొండ మీది మఠంలో ఉన్న సన్యాసినులను ఇళ్ళకు పొమ్మంటే, ఇల్లెక్కడో మర్చిపోయిన ముసలివాళ్ళు దారి పక్కన కూచుండిపోయారు. పండగలు సగానికి సగం పనిదినాలైపోయాయి. పోయినవాటికి బదులుగా నడవడి పంచాయతీ ఒకటి వచ్చింది. ఎవరు తాగారు, ఎవరు చిందులేశారు, ఎవరి కడుపు పెళ్ళికి ముందే పెరిగింది, ఇవీ అది చూసే పనులు. దానికి పెద్ద హైని. గొర్రెల మందలున్నవాడు, తన గొర్రెల్లో ఏది ఈనిందో చూసే కళ్ళతోనే ఊరి ఆడపిల్లల్నీ చూసేవాడు.

కొత్త బోధకుడు జొడోక్ మాత్రం చెడ్డవాడు కాడు. తన రొట్టె విరిచి ముష్టివాడికిచ్చి తను నీళ్ళు తాగి పడుకునే రకం. వచ్చిన కొత్తలోనే, "దేవుడు పసిబిడ్డల్ని ఎప్పుడూ వెలివేయలేదు. ఇకమీదట బాప్తిస్మం లేని బిడ్డనూ చర్చి దొడ్డిలోనే పాతండి" అన్నాడు. మంచి మాటే. ఆడవాళ్ళు విన్నారు, తలలూపారు. ఓటిలి ఇంటికొచ్చి జావ గిన్నె మొగుడి ముందు ఠపీమని పెట్టి, "మనవాడు పోయిననాడు ఈ మాట చెప్పినవాడు లేడు" అంది. వడ్రంగి రూడి గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. వాళ్ళకు పుట్టింది వాడొక్కడే. చర్చికి ఉత్తరం వైపు, ఎండ తగలని చోట, చూరు కింద ఉన్నాడు. ఆ వైపు ఇంకెవరి పిల్లలూ లేరు.

కానీ జొడోక్ అంతటితో ఊరుకోలేదు. వాన పడినప్పుడల్లా వాక్యం మధ్యలో ఆడవాళ్ళు లేచిపోతుంటే ఆయనకు కష్టంగా ఉండేది. "పాలొస్తాయి, నేను కాదనడం లేదు. రావాలని వాక్యంలో ఎక్కడుంది? దేవుడి పనిని మీరు కప్పు మీది నీళ్ళ చేత చేయించుకుంటున్నారు" అన్నాడు. చూరు చుట్టూ దోనె కట్టాలని, పడిన నీళ్ళన్నీ ఆ దోనెలోంచి దూరంగా కాలువలోకి పోవాలని చెప్పాడు. పని రూడికే అప్పజెప్పారు. ఫిర్ చెట్ల మానులు తెచ్చి అతని పెరట్లో పడేశారు. అవి పడ్డచోటే ఉన్నాయి. పచ్చిగా ఉన్నాయి ఎండాలి అన్నాడు రూడి. ఎండాక, మరీ ఎండాయి తొలిస్తే చీలతాయి అన్నాడు. రాత్రి తినాల్సిన జావ ఓటిలి చేతుల్లో ఉందని ఊరందరికీ తెలుసు గనక ఎవరూ గట్టిగా అడగలేదు.

ఆ ఏడు ఈస్టరు తర్వాత వాన పడలేదు. ఎండు గడ్డి కోతకు పచ్చగడ్డే లేదు. రై పైరు మోకాలెత్తులోనే తెల్లబడింది. ఏరు సన్నబడి సన్నబడి రాళ్ళ మధ్య చెమ్మ అయింది, మర చక్రం ఆగిపోయింది. పాతరోజుల్లో అయితే సాధువు బొమ్మను పొలాల్లో ఊరేగించేవారు. ఇప్పుడా సాధువు బూడిదయ్యాడు. జొడోక్ ఉపవాస ప్రార్థనలు పెట్టాడు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసునని ముసలివాళ్ళు అరుగుల మీద కూచుని ఆకాశం చూసేవారు.

ఊరంతా వాన కోసం మోకాళ్ళ మీద ఉంటే, వాన రావద్దని వేడుకున్నది ఒక్క అఫ్రా.

అఫ్రా మర ఇంట్లో పనిమనిషి. వేరే లోయ నుంచి చిన్నప్పుడే వచ్చింది, వెనక ఎవరూ లేరు. లుట్సి అని మరలో పనిచేసే కుర్రవాడు పెళ్ళి చేసుకుంటానన్నాడు. కూలి సైన్యం వాళ్ళు డప్పు కొట్టుకుంటూ వస్తే ఆ డప్పు వెంట ఇటలీ పోయాడు, మళ్ళీ కబురు లేదు. అఫ్రా మొదటినుంచీ బొద్దుగా ఉండే మనిషి. పై గుడ్డ వదులుగా కట్టుకుని, పిండి బస్తాలు ఎప్పటిలాగే మోస్తూ నెట్టుకొచ్చింది. నెలలు నిండకుండానే, మర అటకమీద, ఖాళీ గోతాల మధ్య బిడ్డ పుట్టింది. నీలంగా ఉంది. కాళ్ళు పట్టుకుని తట్టింది, నోట్లోకి ఊదింది. బిడ్డ చప్పుడు చెయ్యలేదు.

మర్నాడు ఆదివారం. పన్ను నొప్పని ముఖానికి గుడ్డ కట్టుకుని ఇంట్లో ఉండిపోయింది. అందరూ చర్చిలో ఉండగా ఉత్తరం గోడ దగ్గర మోకాళ్ళ మీద కూచుని తవ్వింది. కిటికీలోంచి జొడోక్ గొంతు వినబడుతూనే ఉంది. పసిబిడ్డలందరూ దేవుడి చేతిలో ఉన్నారని ఆయన ఆ రోజు కూడా చెబుతున్నాడు. అఫ్రా విన్నది. చర్చి దొడ్డిలో పెట్టాలంటే ఎవరికైనా చెప్పాలి, చెబితే ప్రాణం పోతుంది. పైగా ఆమెకు దేవుడి చెయ్యి ఎప్పుడూ కనబడలేదు, చూరు కనబడుతోంది. గుడ్డలో చుట్టిన బిడ్డను పెట్టి, మట్టి కప్పి, ఇంటికి పోయి పొయ్యి అంటించింది.

పెళ్ళికాని ఆడది కడుపు దాచి, బిడ్డ చచ్చి కనబడితే, అది చచ్చి పుట్టిందా పుట్టి చచ్చిందా అని కొత్త చట్టం అడగదు. ఆ ఆడదాన్ని గోతంలో కట్టి ఏట్లో పడేస్తారు. అఫ్రాకు ఆ సంగతీ తెలుసు, వాన పడ్డ రోజున తన రవిక తడుస్తుందనీ తెలుసు. వాన వచ్చిన రోజు జ్వరమని అటకెక్కి పడుకుంటే సరిపోతుందని అనుకుంది.

అయితే ఆ ఎండ వేరే పని చేసింది. నేలంతా ముసలి మడమలా పగిలి ఉంటే, ఉత్తరం గోడ దగ్గర ఈమధ్యే తవ్వి కప్పిన ఒక్కచోట మాత్రం పగుల్లేదు. హైని కంట్లో పడింది.

పంచాయతీ చర్చి అరుగు మీద కూచుంది. కుంగోల్ట్‌ను పిలిచి అడిగారు.

"నాకు తెలియకుండా ఈ ఊళ్ళో పిల్లి కూడా ఈనదనుకున్నాను. ఇది నాకు తెలీదు" అంది ముసలిది.

"మొగుడున్నది అయితే ఏడ్చుకుంటూ పదిమందిలోనే వచ్చేది. దాచిందంటే చంపినట్టే" అన్నాడు హైని.

"తవ్వి చూస్తే?" అన్నాడు పంచాయతీలో ఇంకొకడు. చూరు కింద పార పెట్టే మగవాడు మా ఊళ్ళో పుట్టలేదు.

"తవ్వక్కర్లేదు. వాన రానీ. పెళ్ళికాని ఆడవాళ్ళందర్నీ చర్చిలో వరసగా నిలబెడదాం. ఎవరి రవిక తడిస్తే అదే" అన్నాడు హైని. "అయ్యగారూ, ఆ దోనె సంగతి వానొచ్చేదాకా ఆపండి."

"ఆపడానికి మొదలుపెడితే కదా" అన్నాడు జొడోక్ దిగులుగా.

"పట్టుకున్నాక గోతమూ ఏరేగా?" అన్నాడు ఇంకొకడు.

"ఏట్లో ఇప్పుడు కప్ప కూడా మునగదురా. దానికీ వానే కావాలి" అన్నాడు హైని.

అందరూ నవ్వారు. మర ఇంటి నుంచి బీరు కూజా తెచ్చిన అఫ్రా ఒక్కొక్కరి గిన్నెలో పోస్తోంది. ఒక్క చుక్క కింద పడకుండా పోసింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం దారిలో కంచె పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

జ్వరమని పడుకునే దారి పోయింది. ఇక మిగిలింది ఆ దోనె ఒక్కటే. మర్నాటి నుంచి మరలో పని లేదన్న వంకతో రూడి పెరట్లోకి వెళ్ళడం మొదలెట్టింది. "చిత్రిక పట్టి పెట్టనా రూడి మావా? మాను తిప్పి పెట్టనా?" అని అడిగేది. తన బిడ్డకు నీళ్ళు అందకుండా చేసే మానుల మీద పొట్టు ఏరిపారేసేది. రూడికి ఏమీ అర్థమయ్యేది కాదు.

ఓటిలికి ఒళ్ళు మండింది. "నీకెందుకే దోనె మీద ఇంత ప్రేమ? అయ్యగారు నీకేమైనా స్వర్గంలో చోటు రాసిచ్చాడా?" అంది.

"ఊరికే కూచోలేక అక్కా."

"ఊరికే కూచోలేకపోతే మీ అమ్మగారి పేలు చూడు. నా పెరట్లోకి రాకు."

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం కొండ మీద మబ్బు పట్టి ఉరిమింది. ఊరు ఊరంతా బయటికొచ్చింది. బానలు, చెంబులు, తొట్లు వాకిట్లో పెట్టారు. మర ముంగిట్లో నాలుగు చినుకులు పడి దుమ్ములో గుంటలు చేశాయి. బ్రిడా అలవాటు కొద్దీ రొమ్ముల మీద చేతులు అడ్డం పెట్టుకుంది. అదేమీ ఆలోచించి చేసే పని కాదు, ఉరుము వింటే చూరు తల్లుల చేతులు వాటంతటవే లేస్తాయి. అలా పెట్టుకునే ఎందుకో తల తిప్పింది. వాకిలికి అటువైపు అఫ్రా నిలబడి ఉంది. ఆమె చేతులూ అలాగే ఉన్నాయి.

చినుకులు ఆగిపోయాయి. గాలొచ్చి మబ్బును పక్క లోయకు తోలుకుపోయింది. అందరూ బానలు లోపలికి మోసుకుపోతుంటే బ్రిడా అఫ్రా జబ్బ పట్టుకుని మర లోపలికి లాగి తలుపేసింది.

"ఎవరిదే?"

"లుట్సిది."

"వాడు ఇటలీలో ఏ గుంటలో పడి ఉన్నాడో. నీకింకెవడూ దొరకలేదూ?" చెంప మీద ఒకటి కొట్టింది. అఫ్రా చెయ్యి అడ్డం పెట్టలేదు. "బతికి పుట్టిందా?"

"లేదమ్మగారూ. చప్పుడు చెయ్యలేదు. ఊదాను, తట్టాను."

"నన్ను పిలవాలని తోచలేదా?"

"పిలిస్తే పంపేస్తారనుకున్నాను."

"పంపేసేదాన్నే" అంది బ్రిడా. నిజం ఒప్పుకోడానికి ఆవిడకు ఎప్పుడూ మొహమాటం లేదు. ఆగిపోయిన మర రాయి మీద కూచుని ముక్కు తుడుచుకుంది. "ఒక్కదానివే కన్నావా, ఈ పైన? నేను కింద వెన్న చిలుకుతూ ఉన్నానా?" అని అడిగింది. తర్వాత లేచి కుంగోల్ట్ ఇంటికి పోయింది.

ఎండిపోయిన రేవు దగ్గర చూరు తల్లులందరూ కూడారు. ఉతకడానికి నీళ్ళు లేకపోయినా చేతుల్లో మూటలున్నాయి, చూసేవాళ్ళ కోసం. బ్రిడా సంగతి చెప్పింది. పారిపొమ్మందామా అంది ఒకామె. పారిపోతే నేనే అని చెప్పినట్టు, ఈ కరువులో పక్క ఊరు రొట్టె ముక్క కూడా వెయ్యదు. పాలు రాకుండా ఏదన్నా ఆకు నూరి ఇవ్వలేవా అని అడిగింది ఇంకొకామె.

"పురిటిపాలకు మందుంది. వానపాలకు లేదు, నేను చూశాను" అంది కుంగోల్ట్. "నీళ్ళు బిడ్డకు తగలకూడదు. అంతే."

అంటే ఏమిటో అందరికీ అర్థమైంది. దోనె ఒక గోడకు కట్టి మిగతాది వదిలేస్తే హైనికి పసిగట్టడం ఎంతసేపు? కడితే చుట్టూ కట్టాలి. ఎవరి బిడ్డకూ ఇక నీళ్ళు పడవు. ఒకామె మూట ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే ఏడ్చేసింది.

"నీళ్ళు తగలకపోతే ఆకలీ వెయ్యదు. నిద్రపోతారు. అంతకంటే నాకు తెలీదు" అంది కుంగోల్ట్. "నేను సరే అంటున్నాను. నావాళ్ళిద్దరూ నలభయ్యేళ్ళు తాగారు. ఎవర్నీ బలవంతపెట్టను."

ఒకరి తర్వాత ఒకరు తలలూపారు. ఓటిలి ఊపలేదు.

"మీకందరికీ ఇంటినిండా పిల్లలున్నారు. నాకున్నది వాడొక్కడు. ఎవత్తో కొవ్వెక్కి చేసిన పనికి నేను నా కొడుకును ఎండగట్టుకోవాలా? నేను ఒప్పుకోను, రూడినీ ఒప్పుకోనివ్వను" అని మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

రెండు రోజులు ఓటిలి ఇల్లు కదల్లేదు. మూడో రోజు పొద్దున మర వెనక అఫ్రా పందులకు కుడితి పోస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

"ఆడా, మగా?"

"ఆడపిల్ల."

"పేరు?"

"పెట్టలేదు."

"పెట్టు. పేరు లేకుండా ఎలా పిలుస్తావు?" ఓటిలి పందుల వైపే చూస్తూ అంది. "మావాడు యోస్. వానొచ్చినప్పుడల్లా చెప్పేదాన్ని, మీ నాన్న ఇవాళ ఫలానావాళ్ళకు మంచం చేశాడురా అని. ఈపాటికి వాడికి మీసాలొచ్చేవి. మీసాలొచ్చేవాడికి పాలేంటని నన్నడగకు."

"అక్కా, నా కోసం వద్దు. నేను ఎలాగోలా..."

"నీ కోసమని ఎవరన్నారు? నీ మొహం చూస్తే ఇప్పటికీ నాకు మంటగానే ఉంది." ఒక పందిని కాలితో పక్కకు నెట్టింది. "నా కొడుకు పక్కనే పెట్టావు. అది ఆలోచించావా? నిన్ను ముంచేస్తారు. ఆ తర్వాత వానొస్తుంది. నీ పిల్లకు ఆకలేస్తుంది. దానికెవరిస్తారు? నేను నావాడికి ఇస్తూ, పక్కన అది ఏడుస్తుంటే వింటూ నిలబడాలా, ప్రతి వానకీ? నావల్ల కాదు. రాత్రంతా ఆలోచించాను, నావల్ల కాదు."

అఫ్రా కుడితి బాన కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఓటిలి చెయ్యి వెనక్కి తీసుకుని, "బాన ఒలకబోస్తావు, చూసుకో" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం చూరు తల్లులందరూ తలగుడ్డలు సర్దుకుని జొడోక్ దగ్గరకు పోయారు. కుంగోల్ట్ ముందు నిలబడి, మీ మాటలు మా మనసులో పడ్డాయి అయ్యగారూ, ఈ వారమే దోనె కట్టించండి, మీరు ఆలస్యం చేస్తే మళ్ళీ మనసు మారిపోతుందేమో అంది. జొడోక్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళు గోడకు చెప్పినట్టు చెప్పిన వాక్యం ఇవాళ మొలకెత్తిందనుకున్నాడు. అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడి దేవుడికి స్తోత్రం చెప్పాడు. వాళ్ళూ మోకాళ్ళ మీద పడ్డారు. పాపం, ఆ మనిషిని చూసి ఇద్దరు ముగ్గురికి సిగ్గేసింది.

హైని ఎగిరాడు. "ఒక్కసారే ఇంత భక్తి ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? వానొచ్చేదాకా ఆగమన్నాం కదా."

"నువ్వే కదయ్యా, మేం మారడం లేదని పట్నానికి చాడీలు చెప్పావు. మారితే ఇదీ తప్పేనా?" అంది బ్రిడా.

జొడోక్ మొదటిసారి హైని మాట కాదన్నాడు. మారిన ఆత్మల్ని ఒక నేరస్తురాలి కోసం ఆపలేనన్నాడు. హైని గడ్డం గోక్కుని చివరికి నవ్వాడు. "సరే కట్టుకోండి. చెక్క దోనె అన్నాక అతుకుల దగ్గర కారకుండా ఉంటుందా? నాకు నాలుగు చుక్కలు చాలు" అన్నాడు.

రూడి రాత్రీపగలూ తొలిచాడు. ఓటిలే మానులు పట్టుకుంది. నిచ్చెన కింద చూరు తల్లులు నిలబడి ఒక్కో దోనె పైకి అందించారు. చాలినంత తారు లేదు, అతుకుల్లో నాచు కుక్కారు. దోనెను పట్టి ఉంచే కొంకులు అఫ్రా అందించింది. ఉత్తరం గోడకు ఆఖరి దోనె ఎక్కిస్తున్నప్పుడు రూడి ఒక్కసారి కిందకు, తన కొడుకు ఉన్న చోటు వైపు చూసి, ముక్కు చీది, మేకు కొట్టాడు.

ఆ శనివారమే వాన వచ్చింది. ముందు గాలి, తర్వాత తడిమట్టి వాసన, తర్వాత కొండ కనబడకుండా పెద్ద వాన. జనం వీధుల్లోకి పరిగెత్తి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ముసలివాళ్ళు చెప్పులు విడిచి బురదలో నడిచారు. హైని మనుషులు ఇంటింటికీ తిరిగి పెళ్ళికానివాళ్ళందర్నీ చర్చిలోకి తోలారు. పొడి తువ్వాళ్ళిచ్చి తుడుచుకోమని, పొడి రవికలు తొడిగించి, వరసగా నిలబెట్టారు. బ్రిడా ఇచ్చిన మందపాటి గుడ్డ అఫ్రా రవిక లోపల చుట్టి ఉంది. అదెంతసేపు ఆపుతుంది?

చూరు తల్లులు ఎప్పటిలాగే బయట తమ తమ చోట్లకు పోయారు. వాళ్ళని పోనిచ్చారు. నీళ్ళు వాళ్ళ తలల పైన దోనెలో గలగలమని పోతున్నాయి. నేల మీద చూరు గీత పొడిగానే ఉంది. కుంగోల్ట్ రవిక మీద చెయ్యి వేసి చూసుకుంది. ఏమీ లేదు. నలభయ్యేళ్ళలో మొదటిసారి ఆమె వానలో ఖాళీ చేతులతో నిలబడింది.

ఉత్తరం వైపు ఓటిలి ఒక్కతే ఉంది. వాన ముదిరేకొద్దీ యోస్ తలపైన ఉన్న అతుకులోంచి నాచు జారిపోయి, నీళ్ళు ధారగా కారడం మొదలైంది. ఆమె రొమ్ములు రెండూ ఒక్కసారి బరువెక్కాయి. వద్దనుకున్నది వచ్చినందుకు ఆమెకు సంతోషం ఆగలేదు. "ఉండరా, ఉండు" అంటూ రవిక ముడి మీద చెయ్యి వేసింది. అప్పుడే పక్క అతుకు కూడా కారడం చూసింది. ఒక్కో చుక్కా అఫ్రా బిడ్డ మీద పడుతోంది.

లోపల అఫ్రాకు కుడి రొమ్ములో చీమ కుట్టినట్టయింది. తర్వాత చల్లగా తగిలింది. హైని వరస ఆ చివర నుంచి ఒక్కొక్కరి ముందు ఆగుతూ, చూస్తూ వస్తున్నాడు. అఫ్రా ఎదురు గోడ మీద సున్నం వైపు చూస్తూ, రేపు ఈపాటికి ఏట్లో నీళ్ళు చాలినన్ని ఉంటాయి అనుకుంది.

బయట అందుకోడానికి నిచ్చెన లేదు, రూడిని లోపల హైని పక్కన నిలబెట్టుకున్నాడు, కేకేస్తే అందరూ వస్తారు. ఓటిలి రవిక ముడి మీంచి చెయ్యి తీసింది. నాలుగడుగులు వేసి, పగుల్లేని ఆ మట్టిని రెండు పాదాల మధ్య పెట్టుకుని, పావడా చుట్టూ పరిచి, చుక్కలు పడుతున్న చోట తల పెట్టి నిలబడింది. చుక్కలు ఆమె తలగుడ్డ మీద పడి, వీపు మీంచి జారి, ఒంటికే ఇంకిపోయాయి. కింద మట్టికి ఒక్కటీ చేరలేదు.

హైని అఫ్రా ముందుకొచ్చి ఆగాడు. ఎంత చూసినా రవిక పొడిగా ఉంది. లోపలి గుడ్డలో నాలుగు చుక్కలు ఇంకి అక్కడితో ఆగాయి. అతను పక్కమనిషి దగ్గరకు పోయాడు. ఆ చివరికి పోయి మళ్ళీ మొదటికి వచ్చాడు. చివరికి, "ఎవత్తో బయటి ఊరిది వచ్చి పెట్టిపోయింది. పొండి, ఎవరి పనికి వాళ్ళు పొండి" అన్నాడు. జొడోక్ వానకూ దోనెకూ కలిపి స్తోత్రం చెప్పాడు.

మరకు పోవాలంటే ఉత్తరం గోడ పక్క దారినే పోవాలి. అఫ్రా వస్తుంటే ఓటిలి అక్కడే ఉంది. తన చోట కాదు. ఆమె రవిక రెండు వైపులా తడిసి, పాలు పావడా అంచు దాకా కారుతున్నాయి. అవతల యోస్ ఉన్న చోట దోనె నీళ్ళు ధారకట్టి పడుతున్నాయి, ఆ మట్టి నల్లగా నానిపోయింది. అఫ్రాకు అంతా అర్థమైంది. చర్చి తలుపు దగ్గర హైని నిలబడి, పోయేవాళ్ళందర్నీ చూస్తున్నాడు. ఆగకూడదు. పలకరించకూడదు. ఏడవడానికి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆ రోజు వీలుంది, ఆమెకు లేదు.

"మావాడు ఏడుస్తున్నాడు" అంది ఓటిలి, తల తిప్పకుండా, ఎవరితోనూ కానట్టు. "నువ్వు నడు. మరలోకి నీళ్ళొచ్చి ఉంటాయి, తూము ఎత్తు."

అఫ్రా నడిచింది. మర దగ్గరకు పోయి తూము పలక ఎత్తింది. చక్రం రెండుసార్లు మూలిగి తిరగడం మొదలెట్టింది. బ్రిడా రై బస్తా ఒకటి ఆమె వీపు మీదకెత్తింది.

వాన సాయంత్రం దాకా ఆగలేదు. అంతసేపూ ఓటిలి అక్కడే నిలబడి ఉంది.